షిమొనద స్టేషన్‌కి రైల్లోనే వెళ్లండి, రెండు గంటలు కూర్చోండి

అక్టోబరు చివర్లో అమ్మానాన్నలతో జపాన్ వస్తున్నామని, ఒసాకాలో ఉండే నాలుగు రోజుల్లో ఒకరోజు తీసి సముద్రం ఒడ్డున ఉన్న షిమొనద స్టేషన్ చూసి రావచ్చా అని అడిగారు. కారు అద్దెకి తీసుకోవాలా, రైల్లో వెళ్లాలా అన్నది రెండో ప్రశ్న. చివర్లో ఇంకో మాట రాశారు: "ఒక బెంచీ, పైన చిన్న కప్పు, ఎదురుగా సముద్రం. ఫోటో దిగడం తప్ప అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా?" నేను తొమ్మిదేళ్లుగా షికోకు దీవిలోని మత్సుయమ నగరంలో ఉంటున్నాను. షిమొనద ఇక్కడికి గంట ప్రయాణం. అన్ని కాలాల్లోనూ, వానలో కూడా, వెళ్లాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒసాకా నుంచి ఒక్కరోజులో వెళ్లి రావడం కుదురుతుంది గానీ పెద్దవాళ్లతో వద్దు. మత్సుయమలో ఒక రాత్రి ఉండేలా ప్లాన్ మార్చుకోండి. కారు వద్దు, రైల్లోనే వెళ్లండి. చూడ్డానికి ఏమైనా ఉందా అంటే, ఉంది. కాకపోతే పది నిమిషాలు ఆగి వెళ్లిపోయేవాళ్లకి అది దొరకదు. ఒక బండి దిగి, తర్వాతి బండి వచ్చేదాకా అక్కడే కూర్చున్నవాళ్లకి దొరుకుతుంది.

షిమొనద ఉన్నది షికోకు దీవిలో, ఎహిమె రాష్ట్రంలో. ఊరు ఒకప్పటి ఫుతమి. 2005లో దాన్ని ఇయొ పట్టణంలో కలిపేశారు. లైను పేరు యొసాన్. తకమత్సు నుంచి ఉవజిమ దాకా దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోయే ఈ లైనుకి కరెంటు తీగ ఇయొ పట్టణం స్టేషన్ దాకానే ఉంటుంది. అక్కడి నుంచి డీజిల్ బళ్లే. షిమొనద స్టేషన్ 1935 జూన్ 9న తెరిచారు. అప్పటికి లైను అక్కడితో ఆఖరు. కొండకీ సముద్రానికీ మధ్య మిగిలిన సన్నటి చోటులో పట్టా వేసుకుంటూ ముందుకు పోతున్నారు. నాలుగు నెలల తర్వాత, అదే ఏడాది అక్టోబరులో, లైను నగహమ రేవు దాకా చేరింది. నగహమ నుంచి ఓజు దాకా అంతకుముందే ఒక ప్రైవేటు కంపెనీ వేసిన చిన్న గేజి లైను ఉండేది. దాన్ని ప్రభుత్వం తీసుకుని గేజి మార్చి ఇందులో కలిపింది. ఆ నాలుగు నెలలూ షిమొనద చివరి స్టేషన్‌గా ఉంది. తర్వాత చాలా ఏళ్లు దారిలో ఉన్న మామూలు స్టేషన్. ఎదురు బళ్లు తప్పుకోవడానికి ఇక్కడ రెండో లైను ఉండేది. ఇప్పుడు దాన్ని తీసేశారు. ఒకటే ప్లాట్‌ఫారం, ఒకటే పట్టా.

అసలు కథ 1986లో మొదలవుతుంది. ఆ ఏడాది మార్చిలో, షిమొనదకి ముందు మత్సుయమ వైపున్న ముకైబర స్టేషన్ నుంచి ఉచికో మీదుగా కొండల లోపలికి కొత్త లైను తెరిచారు. దాంట్లో ఆరు కిలోమీటర్ల పొడవున్న ఇనుయొసె సొరంగం ఉంది. సముద్రం ఒడ్డున మెలికలు తిరుగుతూ పోయే పాత దారి కంటే అది దగ్గర, వేగం ఎక్కువ, కొండచరియల భయమూ తక్కువ. ఎక్స్‌ప్రెస్ బళ్లన్నీ ఒక్క రోజులో అటు మళ్లాయి. పాత దారికి పాసింజర్లే మిగిలాయి. షిమొనదలో స్టేషన్ సిబ్బందిని తీసేసింది కూడా ఆ ఏడాదే. టికెట్ ఇచ్చే మనిషి లేడు, టికెట్ అడిగే మనిషీ లేడు. ఆ తర్వాతి ఏప్రిల్‌లో జాతీయ రైల్వేని ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలుగా మార్చారు. ఈ దీవిలోని దాని లైన్లన్నీ జేఆర్ (జపాన్ రైల్వేస్) షికోకు అనే కంపెనీ చేతికి వచ్చాయి.

మీరు ఫోటోలో చూసి ముచ్చటపడిన ఆ ప్రశాంతత అలా వచ్చింది. ఎవరో ప్లాన్ వేసి కట్టింది కాదు. పెద్ద బళ్లు అటు పోవడం మానేశాక మిగిలింది. ఎక్స్‌ప్రెస్‌లు ఇంకా ఇటే పోతుంటే పట్టాలు తిన్నగా చేసేవాళ్లు, పాత స్టేషన్ ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టేవాళ్లు. అవేవీ జరగకపోవడం వల్లే చెక్క ఇల్లు, ప్లాట్‌ఫారం మీద నాలుగు స్తంభాల నీడ, దాని కింద బెంచీలు అలాగే ఉన్నాయి. అదే కారణంతో ఆ లైనుకి ఆదాయమూ పోయింది. ఈ రెండూ కలిపి చూస్తేనే షిమొనద అర్థమవుతుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. మత్సుయమ నుంచి ఓజు వైపు పోయే బండి కదా అని ఏది పడితే అది ఎక్కకండి. ఉవకై అనే ఎక్స్‌ప్రెస్ ఉచికో మీదుగా పోతుంది, షిమొనద ముఖం కూడా చూడదు. పాసింజర్లలోనూ కొన్ని ఉచికో మీదుగా, కొన్ని నగహమ మీదుగా పోతాయి. రెంటికీ చివరి స్టేషన్ ఓజు అనే రాసి ఉండొచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఇది గమనించలేదు. ముకైబర దాటాక బండి సముద్రం వైపు తిరుగుతుందని కిటికీకి అతుక్కుని కూర్చుంటే ఒక్కసారిగా చీకటైపోయింది. సొరంగం ఎంతకీ అయిపోవడం లేదు. బయటపడేసరికి చుట్టూ కొండలే. ఆరోజు సాయంత్రం వెలుగంతా తిరుగు బండి కోసం చూడ్డంలోనే పోయింది. బోర్డు మీద "ఇయొ నగహమ మీదుగా" అని ఉందో లేదో చూసుకోండి. అనుమానం ఉంటే ఎక్కేముందు డ్రైవర్ని "షిమొనద?" అని అడగండి. ఆ ఒక్క మాట చాలు, ఆయనకి అర్థమవుతుంది.

బండి అంటే ఎక్కువగా ఒకటే పెట్టె. కిహ 32 గానీ, దానికంటే పొడవైన స్టీలు పెట్టె కిహ 54 గానీ వస్తుంది. రెండూ రైల్వే ప్రైవేటు కాబోయే ముందు కట్టించినవి. డ్రైవరే కండక్టరు కూడా. వెనక తలుపు నుంచి ఎక్కినప్పుడు పక్కనే ఉన్న చిన్న మెషీన్ నుంచి నంబరు చీటీ తీసుకోవాలి. ముందు, డ్రైవరు తలమీద ఉండే బోర్డులో ఆ నంబరు కింద ఛార్జీ పెరుగుతూ కనిపిస్తుంది. దిగేటప్పుడు చీటీ, డబ్బులు కలిపి డబ్బాలో వేసి ముందు తలుపు నుంచి దిగాలి. మత్సుయమలోనే టికెట్ కొనుక్కుంటే ఈ గొడవ లేదు, టికెట్ చూపించి దిగిపోవడమే. ఒసాకాలో వాడే కార్డు ఇక్కడ పనిచేస్తుందని నమ్ముకోవద్దు. వెయ్యి యెన్ల నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. డబ్బా పక్కన మార్చుకునే మెషీన్‌లో పెద్ద నోట్లు పట్టవు.

అమ్మానాన్నల కోసం రెండు మాటలు. ఈ పెట్టెల్లో టాయిలెట్ ఉండదు. మత్సుయమలో బండెక్కే ముందే వెళ్లి రమ్మనండి. రెండోది, తలుపు దగ్గర లోపల మెట్టు ఉంటుంది, ప్లాట్‌ఫారం దానికంటే కిందకి ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే ఒక చెయ్యి పట్టుకోవాలి. అంతకుమించి ఎక్కడా కష్టం లేదు. షిమొనదలో ఎక్కి దిగే వంతెన లేదు, సొరంగం దారి లేదు. దిగితే అదే ప్లాట్‌ఫారం, అక్కడే బెంచీ.

ముకైబర దాటాక కొండ ఎక్కుతున్నట్టు కాసేపు పోతుంది. కోనొకవ దగ్గరికి వచ్చేసరికి కుడివైపు సముద్రం తెరుచుకుంటుంది. అందుకని మత్సుయమ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి. ఇది సెతో లోపలి సముద్రంలో ఇయొనద అనే భాగం. చుట్టూ దీవులు అడ్డం ఉండబట్టి మన బంగాళాఖాతంలా అలలు విరుచుకుపడవు. చాలా రోజులు పెద్ద చెరువులా నిశ్చలంగా ఉంటుంది. మనవాళ్లకి ఇది కొత్తగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. విజయవాడ నుంచి విశాఖకి మనం తీరప్రాంతం మీదుగానే పోతాం గానీ కిటికీలోంచి కనిపించేది వరిచేలూ కొబ్బరిచెట్లే. సముద్రం కనపడదు. రైలు కిటికీకీ నీళ్లకీ మధ్య ఇంత తక్కువ దూరం మనకి అలవాటు లేదు.

ఇయొ కమినద తర్వాతి స్టేషనే షిమొనద. దిగాక మీ బండి వెళ్లిపోయేదాకా ఫోన్ తీయకుండా నిలబడి చూడమంటాను. ఇంజిన్ మోత ముందు కుషి వైపు మలుపులో తగ్గుతుంది, తర్వాత పట్టాల్లో చిన్న కిణకిణ మిగులుతుంది, అదీ పోతుంది. అప్పుడు కింద నుంచి నీళ్ల చప్పుడు వినపడడం మొదలవుతుంది. బండి ఉన్నంతసేపూ అది సముద్రానికి అడ్డంగా ఉంటుంది. కదిలి వెళ్లాకే ఎదురుగా అంతా ఖాళీ అవుతుంది. బెంచీ మీద కూర్చుంటే ముందు ప్లాట్‌ఫారం అంచు, ఆ తర్వాత నీళ్లు, ఆ పైన ఆకాశం. మధ్యలో ఉన్నవి కనపడవు.

మధ్యలో ఏముందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడికి వెళ్లాక నిరాశపడతారు. ఒకప్పుడు ఇది జపాన్‌లో సముద్రానికి అన్నిటికంటే దగ్గరున్న స్టేషన్ అని పేరు. నీళ్లు దాదాపు స్టేషన్ కిందే ఉండేవి. తర్వాత ఒడ్డు పూడ్చి 378 నంబరు జాతీయ రహదారి వేశారు. కాబట్టి ఇప్పుడు స్టేషన్‌కీ సముద్రానికీ మధ్య రోడ్డు ఉంది. అంచు దగ్గరికి వెళ్లి కిందకి చూస్తే కార్లు పోతూ కనిపిస్తాయి. ఫోటోల్లో మోసం ఏమీ లేదు. ప్లాట్‌ఫారం ఎత్తులో ఉండి, రోడ్డు దిగువన ఉండడంతో బెంచీ దగ్గర నుంచి చూస్తే రోడ్డు నిజంగానే దాగిపోతుంది. ఆ రోడ్డు వల్ల ఊరికి మేలే జరిగింది, ఆస్పత్రికి వెళ్లాలన్నా బజారుకి వెళ్లాలన్నా. దాన్ని తప్పుపట్టను. కాకపోతే ముందే తెలిసి వెళ్లండి.

మా నాన్నని తీసుకెళ్లిన రోజు చెబుతాను. ఆయన సామర్లకోట సెక్షన్‌లో కీమాన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు సుత్తి, స్పానరు భుజాన వేసుకుని పట్టా వెంట నడిచిన మనిషి. ఇక్కడికొచ్చి సముద్రం వైపు ఒకసారి చూసి, తర్వాత వంగి పట్టా వైపు చూడ్డం మొదలుపెట్టారు. కాసేపటికి నన్ను పిలిచి, "పట్టా నెత్తి మీద మెరుపు చూడు" అన్నారు. మెయిన్ లైన్లో చక్రాలు రాసుకుని రాసుకుని పట్టా పైభాగం వెండిలా మెరుస్తుంది. ఇక్కడ ఆ మెరుపు సన్నటి గీతలా ఉంది. రెండు పక్కలా ఎర్రటి తుప్పు. "బళ్లు బాగా తక్కువరా. ఉప్పుగాలి ఒకటి. కానీ కంకర చూడు, ఒక్క గడ్డిపోచ లేదు. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారు" అన్నారు. తర్వాత బెంచీ మీద కూర్చుని గంటన్నర సేపు మాట్లాడలేదు. తర్వాతి బండి వచ్చే వేళకి, మెడలో టవల్ వేసుకున్న ఒక పెద్దావిడ మెల్లగా నడుచుకుంటూ వచ్చి, స్టేషన్ ముందున్న పూలకుండీల్లో ఎండిన ఆకులు తుంచి, మా నాన్నకి తలవంచి నమస్కారం చేసి, అదే బండెక్కి వెళ్లిపోయింది. ఫోటోలో రానిది అంటే ఇదే. ఆ స్టేషన్‌కి ఇప్పటికీ పనుంది.

ఈ స్టేషన్ ఇంత పేరుపొందిందంటే ఒక టికెట్ వల్ల. సెయ్‌షున్ 18 అని, సెలవుల కాలంలో జేఆర్ పాసింజర్ బళ్లలో దేశమంతా తిరగడానికి ఇచ్చే చవక టికెట్ ఒకటుంది. వయసుతో సంబంధం లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. 1998 నుంచి 2000 మధ్య దాని పోస్టర్ మీద షిమొనద మూడుసార్లు వచ్చింది. దేశంలో స్టేషన్లన్నిటిలో ఆ బొమ్మ అతికించారు. తర్వాత ఫోన్ కెమెరాలు వచ్చాయి, ఇక చెప్పేదేముంది. మీరు వచ్చే సమయానికి ఆ టికెట్ అమ్మకంలో ఉండదు, పైగా 2024 చలికాలం నుంచి దాన్ని వరుసగా మూడు రోజులో ఐదు రోజులో వాడాలనే పద్ధతి పెట్టారు. మీకది అక్కర్లేదు.

పోస్టర్ కంటే ముందే ఊరివాళ్లు ఈ స్టేషన్‌ని పట్టించుకున్నారు. ఎక్స్‌ప్రెస్‌లు వెళ్లిపోయిన ఆ 1986లోనే ప్లాట్‌ఫారం మీద సాయంకాలం కచేరీ మొదలుపెట్టారు. సూర్యాస్తమయాన్నే ఊరికి గుర్తుగా పెట్టుకున్నారు. సెప్టెంబరు మొదట్లో జరిగే ఆ కచేరీకి ప్లాట్‌ఫారమే వేదిక. మధ్యలో బండి వస్తే అందరూ ఆగి చేతులూపుతారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ ఏడాదే. రైల్వే చేయి వదిలేసిన ఏడాదే ఊరు చేయి పట్టుకుంది. స్టేషన్ ఊడవడం, పూలు నాటడం ఇప్పటికీ ఊరి వాలంటీర్లు చేసే పనే. అక్కడ చెత్తబుట్ట కనపడకపోతే విసుక్కోకండి. మీ చెత్త మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.

అందుకే కారు వద్దంటున్నాను. సెలవు రోజు సాయంత్రం వెళ్తే వచ్చినవాళ్లలో ఎక్కువమంది కార్లలో, బైకుల మీద వచ్చినవాళ్లే. కొండవాలు ఊరు, ఇరుకు సందులు. పార్కింగ్ చాలక ఇళ్ల ముందు ఆపేస్తారు. ఫోటో తీసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోతారు. రైలు టికెట్ ఒక్కటీ తెగదు. షికోకులో రైల్వే దాదాపు అంతా నష్టాల్లోనే నడుస్తోంది. ఈ సముద్రపు దారి మరీ తక్కువమంది ఎక్కే సెక్షన్లలో ఒకటి. దీన్ని ఎలా నిలబెట్టాలో స్థానిక ప్రభుత్వాలతో కూర్చుని మాట్లాడాలని కంపెనీ బయటికే చెప్పింది. మీరు నలుగురు కొనే నాలుగు టికెట్లతో లైను బతికిపోతుందని అనను. కానీ ఆ స్టేషన్ అందంగా ఉండడానికి కారణం అక్కడ బండి ఆగడం. బండి ఎక్కకుండా దాన్ని చూసి వెళ్లడం నా మనసుకి ఒప్పదు.

ఇక ప్రయాణం. షిన్ ఒసాకా నుంచి ఒకయమ దాకా షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ముప్పావు గంట. అక్కడ షియొకజె ఎక్స్‌ప్రెస్ మారితే మత్సుయమకి రెండున్నర గంటల పైన, మూడు లోపు. ఈ బండి 1988లో తెరిచిన సెతో మహా వంతెన మీద సముద్రం దాటుతుంది. అదొక్కటే చాలు అమ్మానాన్నలు ముచ్చటపడడానికి. పట్టా రోడ్డు కింది అంతస్తులో ఉంటుంది, ఇనుప దూలాల సందుల్లోంచి దీవులు కనిపిస్తాయి. పొద్దున్నే ఒసాకాలో బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి మత్సుయమ. సామాను హోటల్లో పడేసి, మధ్యాహ్నం పాసింజరు పట్టుకుని షిమొనద, సూర్యాస్తమయం చూసి రాత్రికి మత్సుయమ. మర్నాడు పొద్దున దోగో వేడినీళ్ల స్నానశాల చూసుకోండి. 1894లో కట్టిన మూడంతస్తుల చెక్క భవనం, ఏళ్ల తరబడి రిపేరు చేసి 2024లో పూర్తిగా తెరిచారు. ఆ తర్వాత ఒసాకా.

షిమొనదలో బళ్లు గంటకొకటి కూడా ఉండవు. మధ్యాహ్నం పూట రెండు గంటలకు పైగా గ్యాప్ వచ్చే వేళలూ ఉన్నాయి. దిగగానే అక్కడున్న టైంటేబులు బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి. అడగడానికి మనిషి ఉండడు. అక్టోబరు చివర్లో అక్కడ సూర్యుడు ఐదుంబావు దాటాక దిగుతాడు. వేసవిలో అయితే ఏడున్నర దాకా ఉంటాడు. కాబట్టి మూడు, మూడున్నర ప్రాంతంలో దిగే బండి చూసుకోండి. సూర్యుడు మునగ్గానే జనం లేచిపోతారు. మీరు లేవకండి. అసలు రంగు ఆ తర్వాత పావుగంటకి వస్తుంది, నీళ్లూ ఆకాశమూ ఒకే ఊదారంగులోకి మారి గీత చెరిగిపోతుంది. ఆ వేళకి స్టేషన్ దీపం వెలుగుతుంది. నాకైతే సూర్యుడి కంటే ఆ దీపమే ఇష్టం.

ఇయొనద మొనొగతరి అనే టూరిస్టు రైలు కూడా ఈ దారిలో నడుస్తుంది. 2014లో మొదలైంది, 2022లో మూడు పెట్టెల కొత్త రైలు పెట్టారు. ఎక్కువగా వారాంతాల్లో ఉంటుంది, సీటు ముందే బుక్ చేసుకోవాలి, భోజనం కావాలంటే అదీ ముందే చెప్పాలి. షిమొనదలో కొద్ది నిమిషాలు ఆపి అందర్నీ దింపుతారు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు జెండాలు, చేతులు ఊపుతారు. డబ్బు కోసం వచ్చి ఊపేవాళ్లు కాదు, ఆ ముఖాలు చూస్తే తెలుస్తుంది. నాన్నగారికి నడక కష్టమైతే ఇది మంచిదే. కానీ శాకాహారం అడిగితే దొరకడం కష్టం. పైగా ఆగే ఆ కొద్ది నిమిషాల్లో ప్లాట్‌ఫారం అంతా జనమే. నన్నడిగితే వెళ్లేటప్పుడు మామూలు పాసింజరే.

తిండి సంగతి కచ్చితంగా ముందే చూసుకోండి. స్టేషన్ దగ్గర చిన్న కాఫీ బండి ఉంటుంది, అదీ తెరిచి ఉంటేనే. హోటళ్లు, దుకాణాలు లేవు. మత్సుయమ స్టేషన్‌లో అన్నం ముద్దలు, పండ్లు కొనుక్కోండి. ఉమెబొషి అనే ఊరవేసిన పండు పెట్టిన ముద్ద చాలావరకు శాకాహారమే, ఉప్పగా పుల్లగా మన నోటికి పడుతుంది. ఈ ప్రాంతంలో అందరూ తినే జకొతెన్ చూడ్డానికి వడలా ఉంటుంది గానీ అది చేపముద్ద వేయించింది. అమ్మగారికి ముందే చెప్పండి.

చుట్టుపక్కల తిరిగే ఓపిక ఉంటే, ఒడ్డున కొంచెం దూరం నడిస్తే పట్టాలు సముద్రంలోకి దిగిపోతూ కనిపించే చోటు ఉంది. ఏదో సినిమాలోలా రైలు నీళ్లలోకి పోయేదని ఫోటోల కింద రాస్తుంటారు. అది నిజం కాదు. పడవలు కట్టేచోట వాటిని ఒడ్డుకి లాగడానికి వేసిన పట్టాలవి. నగహమ దాకా వెళ్తే 1935లో కట్టిన ఎర్రటి ఎత్తుడు వంతెన ఉంది, పడవల కోసం మధ్యభాగం పైకి లేస్తుంది. నగహమ నుంచి పిల్లుల దీవికి పడవ ఉంటుంది గానీ గాలి ఎక్కువైతే ఆపేస్తారు. పెద్దవాళ్లతో, ఒక్కరోజు చేతిలో పెట్టుకుని, దాని జోలికి పోవద్దు. ఇంకెప్పుడైనా ఫిబ్రవరి, మార్చిలో వస్తే ఫుతమి దగ్గర పట్టా పక్కనే కొండవాలంతా ఆవపూలు పూస్తాయి. అప్పుడు ఇంకా బాగుంటుంది.

ఒకవేళ షికోకు దాకా రావడం కుదరక, టోక్యోలో ఆగే వీలుంటే నెబుకవా స్టేషన్ చూడండి. టోక్యో నుంచి తొకైదో లైన్లో సుమారు గంటన్నర. అదీ సిబ్బంది లేని స్టేషనే, ప్లాట్‌ఫారం నుంచి సగమి అఖాతం కనిపిస్తుంది. 1923 సెప్టెంబరు 1 మహా భూకంపంలో కొండ విరిగిపడి, అప్పుడే వచ్చిన బండితో సహా ఆ స్టేషన్ సముద్రంలోకి జారిపోయింది. వందమందికి పైగా పోయారు. అది తెలిసి అక్కడ నిలబడితే ఆ నీళ్లు వేరేగా కనిపిస్తాయి. మెట్లు మాత్రం ఎక్కాలి.

వాన పడితే ఏం చేయాలని అడగలేదు గానీ చెబుతాను. సన్నటి వాన అయితే వెళ్లండి. సముద్రం బూడిదరంగులో ఉంటుంది, జనం ఉండరు, ఆ నాలుగు స్తంభాల కప్పు కింద మీరు నలుగురే. తుఫాను హెచ్చరిక ఉంటే వద్దు, ఈ దారిలో బళ్లు ముందే ఆపేస్తారు. సాయంత్రం గాలి చల్లగా కొడుతుంది. అమ్మగారికి శాలువా, నాన్నగారికి చెవులు కప్పే టోపీ, ఫ్లాస్కులో వేడి టీ. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాయండి. ఆ రోజు నగహమ మీదుగా పోయే బళ్లేవో, తిరుగు బండి ఎన్నింటికో చూసి చెబుతాను.